ఆ కాగితం మీద కుక్కర్ పెట్టేవాళ్లం

ఇంగ్లండ్‌లో మా ఇంటి తలుపుకి ఒక చీలిక ఉంటుంది. పోస్ట్‌మన్ ఉత్తరాలన్నీ అందులోంచి లోపలికి తోసేస్తాడు. పిజ్జా ఆఫర్లు, కరెంట్ బిల్లు, మా ముందు ఉండి వెళ్లిపోయిన ఎవరికో వచ్చే బ్యాంకు ఉత్తరాలు, అన్నీ కిందపడి ఉంటాయి. వాటిలో నెలా రెండు నెలలకోసారి ఒక కాగితం వచ్చేది. నాలుగు పేజీలు, మంచి దళసరి పేపర్. మీద మా వార్డు కౌన్సిలర్ల ఫొటోలు.

ఆ దళసరి పేపర్ మాకు బాగా పనికొచ్చింది. స్టవ్ మీద నుంచి దించిన కుక్కర్ కింద పెట్టేవాళ్లం.

నవంబర్‌లో ఒక ఆదివారం రాత్రి పప్పు కుక్కర్ ఎత్తితే కింద గుండ్రటి మరక, ఆ మరక మధ్యలో ఒక హెడ్డింగ్ కనిపించాయి. 'మీ ఇంట్లో ఐదుగురి కంటే ఎక్కువ మంది ఉంటున్నారా?' అని. ఐదుగురు ఏంటి, మేం ఏడుగురం. నేను అన్నం తింటూ మొత్తం చదివాను. ఈ వారం కాలమ్ ఆ కాగితం గురించే.

ముందు మా ఇల్లు చెప్పాలి. మిడ్లాండ్స్‌లో ఒక పట్టణం, వరసగా అతుక్కుని ఉండే పాత ఇటుక ఇళ్లలో ఒకటి. మూడు బెడ్‌రూములు. పెద్ద గదులు రెండింట్లో ఇద్దరిద్దరు. కింద హాల్లో తలుపు పెట్టి ఇంకో ఇద్దరు. మెట్ల పైన ఉన్న బాక్స్ రూమ్‌లో ఒకడు. వాడిది ఖమ్మం, కాబట్టి వాడి పేరు ఖమ్మం. గుంటూరు, నెల్లూరు, సిద్దిపేట అన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి. నేను హైదరాబాద్. నాకు ఉద్యోగం ఉంది, మిగతావాళ్లలో నలుగురు మాస్టర్స్ చేస్తూ వారానికి 20 గంటలు పార్ట్ టైమ్ చేసేవాళ్లు. నేను బయట మంచి ఫ్లాట్ తీసుకోవచ్చు కదా అంటే, తీసుకోవచ్చు. కానీ ఇక్కడ అద్దె తక్కువ, అప్పు తీరాలి, పైగా ఇంటికొస్తే తెలుగు వినిపిస్తుంది. ఇది చదివే వాళ్లలో సగం మందికి ఈ లెక్క అర్థమవుతుంది.

ఓనర్ కూడా మనవాడే. అందరం 'అన్న' అనేవాళ్లం. నేను దిగిన రోజు ఎయిర్‌పోర్ట్‌కి కారేసుకుని వచ్చాడు. రాత్రి పదకొండింటికి వాళ్లింట్లో వేడిగా పప్పన్నం పెట్టించాడు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

గోడ మీద నల్లటి మచ్చలు

ఖమ్మం గదిలో కిటికీ పక్క గోడ ఎప్పుడూ చెమ్మగా ఉండేది. చలి మొదలవగానే నల్లటి మచ్చలు వచ్చాయి. మొదట చిన్న చుక్కలు, డిసెంబర్‌కి అరచేయంత. వాడు బ్లీచ్ పెట్టి తుడిస్తే వారం పోయేది, మళ్లీ వచ్చేది. దుప్పటి వాసన వచ్చేది. రాత్రి రెండింటికి వాడి దగ్గు గోడ ఇవతల నాకు వినిపించేది. డాక్టర్ ఇన్హేలర్ రాశారు. అన్నకి ఫొటోలు పంపితే, 'కిటికీ తీసి పడుకోండి రా, ఇక్కడ అందరి ఇళ్లల్లో ఇంతే' అన్నాడు. బయట మూడు డిగ్రీలు.

'ఇక్కడ అందరి ఇళ్లల్లో ఇంతే' అన్న మాట ఎంత ప్రమాదమో రోచ్‌డేల్ అనే ఊరు చెప్పింది. మాంచెస్టర్ పక్కన ఉంటుంది. అక్కడ అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు 2020 డిసెంబర్‌లో చనిపోయాడు. అద్దె ఫ్లాట్‌లో ఏళ్ల తరబడి ఉన్న ఫంగస్ వల్లే ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని 2022లో అధికారిక విచారణ తేల్చింది. వాళ్ల నాన్న ఎన్నోసార్లు ఫిర్యాదు చేశారు. మీద రంగు వేసుకోమని చెప్పారట. ఆ బాబు పేరుతోనే ఇప్పుడు అక్కడ ఒక చట్టం ఉంది, 'అవాబ్స్ లా'. 2025 అక్టోబర్ 27 నుంచి ప్రభుత్వ, హౌసింగ్ సంస్థల ఇళ్లకి అమల్లోకి వచ్చింది. ప్రాణం మీదకి వచ్చే సమస్య అయితే ఓనర్ 24 గంటల్లో స్పందించాలి. తీవ్రమైన చెమ్మ, ఫంగస్ అయితే 10 పని దినాల్లో వచ్చి చూడాలి. ప్రైవేట్ అద్దె ఇళ్లకీ దీన్ని తెచ్చే దారి 2025 రెంటర్స్ రైట్స్ చట్టంలో పెట్టారు.

అంటే మాలాంటి ప్రైవేట్ ఇళ్లకి ఆ గడువులు అప్పటికి లేవు. కానీ ఏమీ లేదని కాదు. అది ఆ కుక్కర్ మరక కాగితంలో ఉంది.

టేపు పెట్టి కొలిచాం

ఒకే కుటుంబం కాని మనుషులు వంటగది, బాత్రూమ్ పంచుకుని ఉండే ఇంటిని ఇక్కడ హెచ్‌ఎంఓ అంటారు. ఇంగ్లండ్‌లో అలాంటి ఇంట్లో ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది ఉంటే కౌన్సిల్ లైసెన్స్ తప్పనిసరి. ఇదివరకు మూడంతస్తుల ఇళ్లకే ఈ రూల్ ఉండేది. 2018 అక్టోబర్ 1 నుంచి అంతస్తుల లెక్క తీసేశారు. కొన్ని కౌన్సిళ్లు ముగ్గురు, నలుగురు ఉన్నా లైసెన్స్ అడుగుతాయి. ఆ లైసెన్స్‌లో గది సైజు కూడా ఉంటుంది. పదేళ్లు దాటిన ఒక మనిషి పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు ఉండాలి. ఇద్దరికైతే 10.22.

నేను ఇంజనీర్‌ని కదా, కొలవకుండా ఉండలేను. ఖమ్మం, నేను టేపు పట్టుకున్నాం. పొడవు 2.9 మీటర్లు, వెడల్పు 2. మొత్తం 5.8. మన లెక్కలో 62 చదరపు అడుగులు. చట్ట ప్రకారం అది మనిషి పడుకునే గదే కాదు. దానికి వాడు నెలనెలా 380 పౌండ్లు కడుతున్నాడు.

కౌన్సిల్ వెబ్‌సైట్‌లో లైసెన్స్ ఉన్న ఇళ్ల లిస్టు అందరికీ కనిపిస్తుంది. మా వీధి పేరు కొట్టాను. మా ఇల్లు లేదు.

కాగితం చివర ఒక లైను ఉంది. 'ప్రతి నెలా మొదటి శనివారం లైబ్రరీలో కౌన్సిలర్ సర్జరీ.' ఖమ్మం అది చూసి, 'అన్నా, దగ్గుకి అక్కడ చూపించుకోవచ్చా?' అన్నాడు. సర్జరీ అంటే ఇక్కడ ఆపరేషన్ ఒక్కటే కాదు. కౌన్సిలర్ ఒక చోట కూర్చుంటారు, జనం వచ్చి సమస్యలు చెప్పుకుంటారు. మన ఊళ్లలో ఉదయం ఎమ్మెల్యే ఇంటి ముందు కుర్చీలు వేస్తారే, అలాంటిదే. తేడా ఏంటంటే ఇక్కడ మధ్యలో పీఏ లేడు.

వంటగది మీటింగ్

వెళ్దామని ఇద్దరం అనుకున్నాం. కానీ ఇల్లు ఏడుగురిది. ఆ రాత్రి వంటగదిలో మీటింగ్ పెట్టాం.

గుంటూరు ముందే చెప్పేశాడు: 'మామా, కంప్లైంట్ ఇస్తే ఫస్ట్ బయటికి పోయేది మనమే.' సిద్దిపేటకి వీసా భయం. మా వీసాల మీద 'పబ్లిక్ ఫండ్స్ వాడకూడదు' అని ఉంటుంది, కౌన్సిల్ గడప తొక్కితే అది కూడా లెక్కలోకి వస్తుందేమోనని. నెల్లూరు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నాడు, 'మనల్ని ఎయిర్‌పోర్ట్ నుంచి తెచ్చుకున్న మనిషి రా. మనవాడి మీద మనమే రాస్తామా?'

ఈ మూడు ప్రశ్నలకి ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివి తెలుసుకున్నవి చెప్తాను, మీకో మీ తమ్ముడికో పనికొస్తాయి.

లైసెన్స్ లేకపోవడం ఓనర్ తప్పు, అందులో ఉంటున్నవాళ్ల తప్పు కాదు. అప్పట్లో కారణం చెప్పకుండా రెండు నెలల టైమిచ్చి ఖాళీ చేయించే సెక్షన్ 21 నోటీసు ఒకటి ఉండేది. లైసెన్స్ తీసుకోవాల్సిన ఇంటికి తీసుకోని ఓనర్ ఆ నోటీసు ఇచ్చినా చెల్లదు. కొత్త చట్టం 2026 మే 1 తేదీ పెట్టి ఆ సెక్షన్‌నే ఎత్తేసింది. ఇక పబ్లిక్ ఫండ్స్ అంటే ప్రభుత్వం ఇచ్చే భత్యాలు, కౌన్సిల్ ఇల్లు లాంటివి. గోడ మీద ఫంగస్ ఉందని కౌన్సిల్‌కి చెప్పడం అందులోకి రాదు.

నెల్లూరు ప్రశ్నకి మాత్రం చట్టంలో జవాబు లేదు.

తెల్లారుజామున ఖమ్మం మళ్లీ దగ్గాడు. నేను లేచి వెళ్లేసరికి మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. 'అన్నా, ఈ నెల అద్దె కూడా కట్టేశాను' అన్నాడు. శనివారం ఇద్దరమే వెళ్లాం.

ఒక టేబుల్, రెండు కుర్చీలు

లైబ్రరీలో పిల్లల పుస్తకాల పక్కన ఒక టేబుల్. కౌన్సిలర్ యాభై దాటిన ఆవిడ. వారంలో ఐదు రోజులు ఒక స్కూల్లో పనిచేస్తుందట. ఇక్కడ కౌన్సిలర్లకి వచ్చేది జీతం కాదు, అలవెన్స్. చాలామందికి వేరే ఉద్యోగం ఉంటుంది. మా ముందు ఒక ముసలాయన వీధి దీపం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఆవిడ మొత్తం రాసుకుంది.

మా వంతు వచ్చాక ఫొటోలు, కొలతలు చూపించాం. ఆవిడ పెద్ద మాటలేమీ చెప్పలేదు. 'నోటీసు ఇచ్చే అధికారం నాకు లేదు, ఆఫీసర్లకి ఉంది. మీరు ఒప్పుకుంటే కేసు వాళ్లకి పంపుతాను, జవాబు వచ్చేదాకా అడుగుతాను' అంది. చట్టం గురించి ఒక ముక్క చెప్పింది. 2004 హౌసింగ్ చట్టం కింద ఇళ్లలోని ప్రమాదాలని 29 రకాలుగా విడదీశారు, అందులో చెమ్మ, ఫంగస్ ఒకటి. ఆఫీసర్ చూసి దాన్ని మొదటి కేటగిరీ ప్రమాదం అని తేలిస్తే, చర్య తీసుకోవడం కౌన్సిల్ ఇష్టం కాదు, బాధ్యత.

లేచేముందు నేను ఒక మాట అడిగాను. నాకు నిజంగా వచ్చిన సందేహమే. 'మేం ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్లం. మీకు ఓటు కూడా వేయలేం. మా కోసం ఎందుకు ఇంత టైమ్?'

ఆవిడ పెన్ను పక్కన పెట్టి నవ్వింది. 'ఓటు లేకపోయినా మీరు నా వార్డు మనుషులే. కానీ మీకు ఓటుంది కదా. తెలీదా?'

తెలీదు. మూడేళ్లుగా ఉంటున్నాను, తెలీదు. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి, బ్రిటన్‌లో వీసా మీద ఉంటున్న భారతీయులు ఓటర్‌గా నమోదు కావచ్చు. స్టూడెంట్ వీసా అయినా సరే. కౌన్సిల్ ఎన్నికలకీ, పార్లమెంట్ ఎన్నికలకీ. నమోదు ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. 2023 నుంచి పోలింగ్ దగ్గర ఫొటో ఐడీ అడుగుతున్నారు, దానికి మన ఇండియన్ పాస్‌పోర్ట్ సరిపోతుంది. ఖమ్మం బస్‌స్టాప్ దాకా మాట్లాడకుండా నడిచి, 'అన్నా, ఇంటి దగ్గర కూడా నాకు ఓటర్ కార్డ్ లేదే' అన్నాడు.

ఏం జరిగింది

మూడు వారాలకి ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. గోడకి ఒక చిన్న మీటర్ ఆనించి చెమ్మ చూశారు, పొగ అలారాలు నొక్కి చూశారు. ఒకటి మోగలేదు. హాలు తలుపు మంటని ఆపే రకం కాదని రాసుకున్నారు. తర్వాత ఓనర్‌కి రిపేర్ల నోటీసు, లైసెన్స్ గురించి ఉత్తరం వెళ్లాయి.

అదే రోజు రాత్రి అన్న ఫోన్ చేశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. 'నన్ను అడిగి ఉంటే నేను చేయించేవాడిని కదా రా' అన్నాడు. అడిగామని ఇద్దరికీ తెలుసు. ఫొటోలు ఆయన వాట్సాప్‌లో ఉన్నాయి. నేను ఆ మాట అనలేదు.

గోడ చెక్కి, లీకవుతున్న గొట్టం మార్చి, బాత్రూమ్‌లో ఫ్యాన్ పెట్టారు. లైసెన్స్‌కి అప్లై చేశారు. ఐదుగురికే ఒప్పుకుంటామని కౌన్సిల్ చెప్పింది. ఎవరినీ రాత్రికి రాత్రి పంపకుండా గడువు ఇచ్చింది. కానీ ఖమ్మం గడువు దాకా ఆగలేదు, వేరే ఇల్లు చూసుకున్నాడు. అక్కడ నెలకి 90 పౌండ్లు ఎక్కువ. దగ్గు తగ్గింది, పార్ట్ టైమ్ షిఫ్టుల కోసం పరుగు పెరిగింది. గుంటూరు కూడా వెళ్లిపోయాడు. నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడడు. వాడి కోపంలో న్యాయం లేదని నేను అనలేను. ఫిర్యాదు చేసింది మేమిద్దరం, ఇల్లు మారింది వాడు.

లైసెన్స్ లేని ఇంటికి కట్టిన అద్దె వెనక్కి అడిగే హక్కు కూడా ఉంది. ట్రిబ్యునల్‌కి వెళ్తే 12 నెలల అద్దె దాకా ఇప్పించవచ్చు, కొత్త చట్టం దాన్ని 24 నెలలకి పెంచింది. ఖమ్మంకి ఈ సంగతి చెప్పాను. చాలాసేపు ఆలోచించి వద్దన్నాడు. 'ఆ రోజు పప్పన్నం పెట్టాడు కదన్నా.' నేనైతే వెళ్లేవాడిని. కానీ డబ్బు వాడిది, నిర్ణయం వాడిది.

తర్వాతి కాగితం

తర్వాతి నెల మళ్లీ ఆ నాలుగు పేజీలు వచ్చాయి. ఈసారి కింద పడగానే తీశాను. రెండో పేజీలో ఒక లైను ఉంది. ఫిర్యాదు మీద లైసెన్స్ లేని ఒక ఇంటిని తనిఖీ చేశారని, రిపేర్లు జరుగుతున్నాయని. మా పేరు లేదు, ఇంటి నంబర్ లేదు. ఆ ఒక్క లైను వెనక ఎన్ని రాత్రులున్నాయో మాకే తెలుసు. అప్పుడు అనిపించింది, ఆ పేజీలో ఉన్న ప్రతి లైను వెనకా ఎవరో ఒకరు ఉంటారు. ముసలాయన వీధి దీపం కూడా వచ్చింది, బాగు చేశారట.

మూడో పేజీలో డబ్బు సంగతి. ఇక్కడ చాలా కౌన్సిళ్లు కొత్త కట్టడాల మీద బిల్డర్ల దగ్గర ఒక ఛార్జీ వసూలు చేస్తాయి. అందులో కొంత, మామూలుగా 15 శాతం, ఆ కట్టడం వచ్చిన ప్రాంతానికే ఖర్చుపెట్టాలి. స్థానికులు కలిసి నైబర్‌హుడ్ ప్లాన్ చేసుకుని ఉంటే 25 శాతం. దేనికి పెట్టాలో అక్కడి జనాన్ని అడగాలి. మా వార్డులో ఆ మీటింగ్‌కి నేను వెళ్లాను. పదిహేను మంది వచ్చారు. నా పక్కన కూర్చున్నాయన తప్ప అందరూ రిటైరైనవాళ్లే. కమ్యూనిటీ హాల్ హీటింగ్, పార్కులో బెంచీలు అడిగారు, తప్పులేదు. నేను స్టేషన్ నుంచి మా వీధికొచ్చే సందులో లైట్లు అడిగాను. రాత్రి షిఫ్టు చేసి వచ్చే పిల్లలంతా ఫోన్ టార్చ్ వేసుకుని అందులోంచే నడుస్తారు. అది కూడా రాసుకున్నారు. వస్తుందో రాదో చూడాలి.

మరి రామంతాపూర్?

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. మాది హైదరాబాద్‌లో రామంతాపూర్. 2020 అక్టోబర్ వానలు గుర్తున్నాయి కదా. మా వీధిలో నడుంలోతు నీళ్లు, ఫ్రిజ్ నీళ్లలో తేలింది. సరిగ్గా ఏడు వారాలకి, డిసెంబర్ 1న, జీహెచ్‌ఎంసీ ఎన్నికలు. ఆ రోజు సెలవు. నాకు అప్పటికే ఉద్యోగం, ఓటర్ కార్డ్ ఉంది, పోలింగ్ బూత్ మా సందు చివరి స్కూల్లో. నేను పదకొండింటి దాకా నిద్రపోయి, లేచి వెబ్ సిరీస్ చూశాను. సిటీలో సగం మంది కూడా ఓటేయలేదు. ఆ సగంలో నేనున్నాను.

మన దగ్గర నాలుగు పేజీల కాగితం ఇంటికి రాదు, నిజమే. కానీ రాజ్యాంగంలో ఉంది. 74వ సవరణ ప్రకారం మూడు లక్షలు దాటిన ప్రతి నగరంలో వార్డు కమిటీలు ఉండాలి. మన వీధి నాలా, మన పార్కు, మన రోడ్డు డబ్బు గురించి మాట్లాడాల్సిన చోటు అది. మన వార్డు కమిటీ ఎప్పుడు కూర్చుందని నేను ఎవరినీ అడగలేదు. ఇంగ్లండ్‌లో సందు లైటు కోసం శనివారం పాడు చేసుకున్నవాడిని, ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. ఇన్‌స్టాలో వీడియో పెట్టాను. మంచి వ్యూస్ వచ్చాయి. నాలా అలాగే ఉంది.

నాన్నని అడిగాను, 'నాన్నా, మన కార్పొరేటర్‌ని నువ్వెప్పుడైనా కలిశావా?' అని. 'ఒక్కసారి. నీళ్లొచ్చినప్పుడు నాలుగు ఇళ్లవాళ్లం కలిసి వెళ్లాం. నువ్వు పడుకుని ఉన్నావు' అన్నారు.

ఈ వారం మీకు ఒక్కటే పని. మీరు ఎక్కడ ఉన్నా సరే, హాస్టల్ అయినా, షేరింగ్ రూమ్ అయినా, సొంతిల్లు అయినా, మీ వార్డు నంబర్ ఏంటో, దాని తరఫున ఎవరున్నారో తెలుసుకోండి. ఓటర్ లిస్టులో మీ పేరు ఉందో లేదో చూడండి. మీ గోడ మీద మచ్చ ఉంటే ఈ రోజే తేదీతో ఫొటో తీసి, ఓనర్‌కి మాటగా కాకుండా మెసేజ్‌గా పంపండి. తర్వాత అదే మీ సాక్ష్యం.

నా ఓటర్ నమోదు ఉత్తరం మొన్న ఆ తలుపు చీలికలోంచే వచ్చింది. ఫ్రిజ్ మీద అంటించాను. నెల్లూరు చూసి, 'నాకూ లింక్ పంపు' అన్నాడు. కుక్కర్ కింద పెట్టడానికి చెక్క పలక కొన్నాం, రెండు పౌండ్లు.